కాలవగట్టు మీది దొరల బంగళా: మ్యూజియం చెయ్యాలంటే మరమ్మతు ఎక్కడ మొదలెట్టాలి?

కాలవగట్టు (ఫిబ్రవరి 3)

నమస్కారమండి. కోనసీమలో పంటకాలవ గట్టు మీద పాత ఇరిగేషన్ బంగళా ఒకటి ఉంది. అక్కడ డెల్టా మ్యూజియం పెట్టి జనానికి తెరుద్దామని ఊరి కమిటీ పూనుకుంది. శాఖ అనుమతి వచ్చింది. వచ్చే సంక్రాంతికి తలుపులు తియ్యాలని కోరిక.

కింద నాలుగు గదులు, మేడ మీద చెక్క నేలతో ఒక హాలు (30 × 18 అడుగులు), చుట్టూ వరండా. గోడలు 22 అంగుళాల మందం, సున్నంతో కట్టిన ఇటుక. వరండాకు అర్ధచంద్రపు కమానులు, గార పూసిన లావు స్తంభాలు. వరండా మీదా రెండు గదుల మీదా మద్రాసు టెర్రస్ (దూలాల మీద దంతెలు అనే సన్న కర్రలు పరిచి, పైన ఇటుక, సున్నం జల్లి వేసిన చదును కప్పు). హాలు మీద బెంగుళూరు పెంకులు.

జబ్బులు: కింది గోడలకు నాలుగడుగుల ఎత్తు దాకా చెమ్మ, చెయ్యి పెడితే పూత పిండిలా రాలుతోంది. ఈశాన్యం మూల కమాను మీద నిలువు పగులు. ఒక గదిలో దూలం కుంగింది. టెర్రస్ కారుతోంది. పిట్టగోడలో రావి మొక్కలు లేచాయి.

కాంట్రాక్టరు ఇచ్చిన ఎస్టిమేట్: టెర్రస్ కొట్టేసి ఆర్.సి.సి. స్లాబు, గోడలకు సిమెంటు ప్లాస్టరింగు, బయట వెదర్‌ప్రూఫ్ పెయింటు, కింద విట్రిఫైడ్ టైల్సు, అన్ని గదుల్లో ఏసీ. ఇది సరైన దారేనా?

డంగుసున్నం (ఫిబ్రవరి 3)

కాదండి. ఆ ఎస్టిమేట్ పక్కన పెట్టండి. పైన పటారం, లోన లొటారం అన్నట్టవుతుంది.

సున్నం గోడ నేలలోంచి చెమ్మ పీల్చుకుని బయటికి ఆవిరిగా వదిలేస్తుంది. సిమెంటు పూత పడిందంటే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ ఆగదు, పైకి ఎక్కుతుంది. నాలుగడుగుల చెమ్మ రెండేళ్ళలో ఆరడుగులవుతుంది. నీటితో వచ్చిన ఉప్పు సిమెంటు వెనకాల గడ్డకట్టి ఇటుక ముఖాన్నే పొరలు పొరలుగా ఊడదీస్తుంది. అప్పుడు సిమెంటు పెచ్చు ఊడితే అంగుళం ఇటుక కూడా దానితో వస్తుంది.

ముందు రెండు విషయాలు చూసి చెప్పండి. ఇప్పుడున్న ఆ నాలుగడుగుల పూత సున్నమా, ఎవరైనా ఎప్పుడో సిమెంటు వేశారా? బంగళా చుట్టూ నేల మట్టం అరుగుకి ఎంత కింద ఉంది?

కాలవగట్టు (ఫిబ్రవరి 4)

అడుగునుంచి నాలుగడుగుల దాకా సిమెంటు రంగే కనిపిస్తోందండి, పైన తెల్లటి మెత్తటి పూత. అరుగు ముందు వైపు రెండడుగులే బయటికి కనిపిస్తోంది. మెట్లు లెక్కపెడితే కింద మెట్టు ఒకటి, రెండోది సగం మట్టిలో ఉన్నాయి.

డంగుసున్నం (ఫిబ్రవరి 4)

అదీ సంగతి. కాలవ పూడిక తీసిన ప్రతిసారీ ఆ మట్టి గట్టు మీదే పోస్తారు. వందేళ్ళలో అడుగు లేచిందన్నమాట. చెమ్మ పీల్చే దారి అడుగు పైకి వచ్చింది, దాని మీద సిమెంటు పట్టీ వేసి మూసేశారు.

పని వరస ఇది. మట్టి తీసి పాత మట్టానికి దించాలి. గోడ నుంచి బయటికి వాలు ఉండాలి, పది అడుగులకు కనీసం రెండంగుళాలు. సిమెంటు పూత తియ్యాలి, కానీ సుత్తితో బాదొద్దు. చిన్న ఉలితో అంచు నుంచి లేపుతూ పోతే పెచ్చులుగా వస్తుంది. ఇటుకకి బాగా కరుచుకున్న చోట లాగకండి, అక్కడ రంపపు బ్లేడుతో చదరాలుగా గీసి ఒక్కో చదరం తియ్యండి. తీశాక కొత్త పూత వెంటనే వెయ్యొద్దు. గోడ ఆరాలి.

ఎంతకాలం? రెండు వైపులా గాలి తగిలితే నెలకు ఒక్కో వైపు నుంచి అంగుళం చొప్పున లెక్క వేసుకోవచ్చు. 22 అంగుళాల గోడకి దాదాపు 11 నెలలు.

రేగడినేల (ఫిబ్రవరి 4)

మట్టి తియ్యడంలో ఒక జాగ్రత్త. డెల్టా మట్టి ఒండ్రు, కింద బంకమట్టి, తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. గోడ పొడుగునా ఒకేసారి తవ్వితే పునాది పక్క మట్టి ఒక్కసారిగా ఆరి కొత్త పగుళ్ళు వస్తాయి. ఆరడుగులు తవ్వి, ఆరడుగులు వదిలి, మళ్ళీ ఆరడుగులు. మొదటి దఫా పూర్తయ్యాక మిగతాది. ముందుగా ఒక మూల చిన్న గుంట తీసి పునాది ఎంత లోతు పోయిందో చూసుకోండి. మీరు తవ్వే లోతు ఎప్పుడూ ఆ మట్టం కన్నా పైనే ఉండాలి.

తర్వాత గోడకి మూడడుగుల దూరంలో అడుగు వెడల్పు, అడుగున్నర లోతు కందకం. అందులో 4 అంగుళాల చిల్లుల పైపు, చుట్టూ 20 ఎం.ఎం. కంకర, మొత్తానికి జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్ళు దిగనిచ్చి మట్టిని ఆపేది) చుట్టాలి. వాలు వందకి ఒకటి. గుడ్డ లేకపోతే ఒండ్రు రెండు వర్షాకాలాల్లో పైపుని పూడ్చేస్తుంది.

అందరూ చేసే తప్పు ఇక్కడ. ఆ నీటిని పంటకాలవలోకి వదులుతారు. గట్టు మీది కాలవ నిండుగా పారే రోజుల్లో దాని నీటిమట్టం అవతలి వైపు నేల కన్నా ఎత్తున ఉంటుంది. పైపు వెనక్కి తన్ని మీ పునాదికే నీళ్ళు పెడుతుంది. అవుట్‌లెట్ ఎప్పుడూ మురుగుకాలవ వైపే, లెవెల్ పట్టి చూసి.

పగులు వివరాలు కావాలి. పైన ఎంత వెడల్పు, కింద ఎంత? ఆ మూల దగ్గర చెట్టు, సెప్టిక్ ట్యాంకు, రొయ్యల చెరువు ఏమైనా ఉన్నాయా?

కొత్తకట్టడం (ఫిబ్రవరి 5)

సున్నం అంటే అందరికీ మోజు గానీ, డెల్టాలో డంగుసున్నం (గానుగలో తిప్పి నూరిన సున్నం) పని తెలిసిన మేస్త్రీలు ఎంతమంది ఉన్నారు? స్లాబు వేస్తే నెలలో అయిపోతుంది, కారదు. మద్రాసు టెర్రస్ బరువు కూడా ఎక్కువే కదా. ఆర్.సి.సి.ని ఎందుకంత తీసిపారేస్తారు?

రేగడినేల (ఫిబ్రవరి 5)

బరువు గురించి మీరన్నది కొంత నిజం. లెక్క వేద్దాం. టెర్రస్ ఇటుక నిలువు వరస 3 అంగుళాలు, చదరపు మీటరుకి 140 కిలోలు. ఇటుక జల్లి సున్నం 4 అంగుళాలు, 180. పైన రెండు వరసల పలక పెంకులు, 75 దాకా. మొత్తం 400 దగ్గర. అయిదంగుళాల స్లాబు 310, దాని మీద వాలు కోసం వేసే పొర 130. దాదాపు సమానం. కాబట్టి బరువు ఇక్కడ వాదనే కాదు.

అసలు చిక్కు వేడి. 10 మీటర్ల స్లాబు 30 డిగ్రీల తేడాకి 3 మి.మీ. సాగుతుంది. స్లాబు ఒకే పలక, గట్టిది. ప్రతి మధ్యాహ్నం గోడ తలని బయటికి తోస్తుంది, రాత్రి లోపలికి లాగుతుంది. సున్నం గోడకి ఆ లాగుడు తట్టుకునే శక్తి లేదు. స్లాబు కింద వరస ఇటుక దగ్గర అడ్డంగా పొడుగాటి పగులు వస్తుంది. పాత ఇళ్ళ మీద స్లాబు వేసిన చోట ఇది చూడొచ్చు. రెండోది, తీరం దగ్గర ఉప్పుగాలికి స్లాబులోని ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది, 30, 40 ఏళ్ళకే పెచ్చులూడుతుంది. ఇప్పుడున్న టెర్రస్ ఎంతకాలం నుంచి ఉందో చూడండి.

మేస్త్రీలు తక్కువన్న మాటకి మాత్రం నా దగ్గర సమాధానం లేదు. ఎస్టిమేట్‌లో సున్నం పనికి విడిగా రేటు విశ్లేషణ పెట్టించుకుని, ఒక గోడ మీద నమూనా చేయించి చూసి పని అప్పగించడమే.

కాలవగట్టు (ఫిబ్రవరి 6)

పగులు పైన 6 మి.మీ., కిందకొచ్చేసరికి 1 మి.మీ. ఉందండి. ఆ మూలకి ఎనిమిదడుగుల్లో పాత మరుగుదొడ్డి గుంట, 20 అడుగుల్లో పెద్ద నిద్రగన్నేరు చెట్టు. రొయ్యల చెరువు పొలాల అవతల ఉంది, రెండు ఫర్లాంగులు.

రేగడినేల (ఫిబ్రవరి 6)

పైన వెడల్పు, కింద సన్నం అంటే మధ్య నిలబడి మూల దిగుతోందని అర్థం. గుంట నీళ్ళు ఆ మూల మట్టిని మెత్తబరుస్తున్నాయి, ఎండాకాలంలో చెట్టు వేళ్ళు పీల్చేస్తున్నాయి. రెండూ కలిసి ఆ మూలని ఆడిస్తున్నాయి. గుంట ఖాళీ చేసి ఇసుకతో నింపి, కొత్తది కనీసం 50 అడుగుల దూరంలో కట్టండి. చెట్టు కొట్టకండి. ఒక్కసారి కొట్టేస్తే బంకమట్టి తిరిగి తడిసి ఉబ్బి గోడని పైకి లేపుతుంది. కొమ్మలు మూడో వంతు తగ్గించండి, రెండేళ్ళలో రెండుసార్లు.

పగులుని ఇప్పుడే కుట్టొద్దు. పగులుకి అటూ ఇటూ రెండేసి స్టీలు మేకులు దింపి, మధ్య దూరం వెర్నియర్‌తో (మి.మీ.లో పదో వంతు దాకా కొలిచే పనిముట్టు) 15 రోజులకోసారి కొలిచి రాయండి. ఏప్రిల్‌లో కాలవలు కట్టేస్తారు, జూన్‌లో వదులుతారు. మధ్యలో నేల నీటిమట్టం పడిపోతుంది. ఆ నెలల్లో మేకులు ఎంత కదిలాయో అదే మీకు కావాల్సిన లెక్క. గుంట తీసేశాక కాలవ ఒకసారి కట్టి వదిలినా కదలిక అర మి.మీ. లోపు ఉంటే, అప్పుడు కుట్టొచ్చు: ప్రతి నాలుగో వరసలో 6 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీలు ఊచ, పగులుకి అటూ ఇటూ రెండడుగులు, సున్నంలో పొదిగి. మామూలు ఊచ వద్దు.

చెరువు దూరంగా ఉంది కాబట్టి కొంత నయం. కానీ మట్టి, గోడ పొడి రెండూ క్లోరైడు (ఉప్పు) పరీక్షకి పంపండి.

టేకుదూలం (ఫిబ్రవరి 7)

దూలం సంగతి నేను చెబుతాను. ఎన్ని అడుగుల దూలానికి ఎంత కుంగింది?

కాలవగట్టు (ఫిబ్రవరి 7)

14 అడుగులకి మధ్యలో అంగుళంపావు. దారం కట్టి చూశాం.

టేకుదూలం (ఫిబ్రవరి 8)

గోదావరి ఏజెన్సీ టేకు అయితే అంగుళంపావు చూసి బెదిరిపోనక్కర్లేదు. వందేళ్ళు బరువు మోసిన కర్ర నెమ్మదిగా వంగుతుంది. వంగినంత మాత్రాన బలం పోయినట్టు కాదు. చూడాల్సింది మధ్యలో కాదు, చివర్లలో. గోడలోకి దూరిన తొమ్మిదంగుళాలే ముందు పుచ్చుతాయి. చెమ్మ గోడలోంచి తాగుతాయి, గాలి ఆడదు.

పరీక్ష ఇలా. గోడ మొహం దగ్గర దూలం కింది వైపు సన్నటి ఆర (చెప్పులు కుట్టేవాళ్ళు వాడే మొనదేలిన పనిముట్టు) పెట్టి మణికట్టు బలంతో పొడవండి. మంచి టేకులో పావంగుళం దిగి ఆగుతుంది, తీసేటప్పుడు పట్టుకుంటుంది. అంగుళం దాటి మెత్తగా దిగితే పుచ్చు. తర్వాత 6 మి.మీ. పొడవాటి బిట్టుతో గోడలోకి ఏటవాలుగా తొలవండి. పొట్టు బంగారు రంగులో, నూనె వాసనతో చుట్టలు చుట్టలుగా వస్తే మంచిది. కాఫీపొడిలా నల్లగా రాలితే లోపల ఏమీ లేదు. తొలిచిన కన్నంలో టేకు మేకు దిగ్గొట్టి మూసెయ్యండి.

చివర పుచ్చితే దూలం మొత్తం మార్చొద్దు. మంచి కర్ర దాకా కోసి, దూలం ఎత్తుకి మూడు నుంచి నాలుగు రెట్ల పొడవున వాలు అతుకు వెయ్యాలి. 12 అంగుళాల దూలమైతే అతుకు మూడు నుంచి నాలుగడుగులు. పాత టేకే వాడండి, పాత ఇళ్ళు విప్పిన చోట దొరుకుతుంది. కొత్త పచ్చి టేకు ఆరి ముడుచుకుని అతుకు వదులవుతుంది. 12 మి.మీ. స్టెయిన్‌లెస్ బోల్టులు నాలుగు, కింద పెద్ద వాషర్లు. గోడలోని గూడులో దూలానికి మూడు వైపులా అరంగుళం ఖాళీ వదలండి, కింద రాతి పలక పెట్టండి. ఆ ఖాళీని మేస్త్రీ అలవాటుగా సున్నంతో నింపేస్తాడు, పక్కనే ఉండి చూసుకోండి.

ఆసరాకి సరుగుడు బాదులు సరిపోతాయి, అయిదంగుళాల లావు, నాలుగడుగులకి ఒకటి, కింద పలక, పైన అడ్డబాదు. కుంగిన దూలాన్ని జాకీతో ఎత్తి సరిచెయ్యాలని చూడకండి. పైనున్న ఇటుక వరస ఆ వంపుకి సర్దుకుని ఉంటుంది. లేపితే అది విడిపోతుంది.

చెదలకి ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్.సి., లీటరు నీటికి 2.1 మి.లీ., గోడ నేల కలిసే చోట అడుగుకో కన్నం. కర్రకి బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన మందు, ఆరిన కర్ర మీద రెండుసార్లు.

కొత్తకట్టడం (ఫిబ్రవరి 8)

సరే, టెర్రస్ ఉంచేద్దాం. కారకుండా పైన తారు షీటు గానీ కెమికల్ కోటింగు గానీ కొట్టేస్తే పోలా?

డంగుసున్నం (ఫిబ్రవరి 8)

లోపల ఇప్పటికే ఉన్న నీళ్ళు ఎటు పోతాయండి? దూలాలు, దంతెలవైపే. పైన షీటు బాగుంటుంది, కింద దంతెలు పుచ్చుతుంటాయి. తెలిసేసరికి పైకప్పు కిందికొస్తుంది.

వర్షాకాలానికి తాత్కాలికంగా అయితే సరుగుడు బాదుల మీద రేకు కప్పు వెయ్యండి, టెర్రస్‌కి రెండడుగుల ఎత్తున, గాలి ఆడేలా. రేకుల్ని తీగతో కాదు, జె-బోల్టులతో బిగించండి.

టెర్రస్ పని చెప్తాను. కొంచెం పొడుగు.

మొత్తం విప్పనక్కర్లేదు. పై పలకలు ఎత్తి చూడండి. జల్లి పొర గట్టిగా ఉండి, కొడితే ఖంగుమంటే దాన్ని ఉంచెయ్యండి, పలకలు మాత్రం మార్చండి. డొల్ల చప్పుడొచ్చిన చోటే విప్పాలి. విప్పిన చోట దంతెల మీద టెర్రస్ ఇటుకలు (6 × 3 × 1 అంగుళం, మామూలు ఇటుక కాదు) నిలువుగా, ఏటవాలు వరసల్లో, సున్నంతో అతకాలి. ఏటవాలు ఎందుకంటే ఒక్కో వరస బరువు ఒక్క దంతె మీదే పడకుండా పంచుకుంటుంది. గోడ మూల నుంచి మొదలెట్టాలి.

దాని మీద జల్లి. బాగా కాలిన ఇటుక ముక్కలు, ముప్పావంగుళం. రెండున్నర పాళ్ళ జల్లికి ఒక పాలు డంగుసున్నం. జల్లిని ముందు రోజు రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి, లేకపోతే సున్నంలోని నీళ్ళు తాగేసి పగులుతుంది. ఆరంగుళాలు పోసి నాలుగంగుళాలయ్యే దాకా చెక్క బద్దలతో కొట్టాలి. కూలీలు వరసగా కూర్చుని, మెల్లగా, ఒకే ఊపులో. మూడు రోజులకి తగ్గదు. కొడుతున్నప్పుడు కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చిలకరిస్తుండాలి. బద్ద దిగబడకుండా ఎగిరిపడి, పైన సున్నపు పాలు తేలినప్పుడు ఆపాలి. మొదటి రోజు బలంగా కొడితే కింది ఇటుక వరస కదులుతుంది. ఆఖరి రోజు కొట్టకుండా వదిలేస్తే గుల్లలు ఉండిపోతాయి, అక్కడే కారుతుంది.

వాలు 36కి ఒకటి. పిట్టగోడ మొదట్లో జల్లిని మూడంగుళాల గుండ్రంగా తిప్పి గోడలోకి ఎక్కించాలి. కారే టెర్రస్‌లు ఎక్కువగా ఆ మూలలోనే కారతాయి. పైన రెండు వరసల పలకలు, కీళ్ళు ఒకదాని మీద ఒకటి రాకుండా. పది రోజులు తడి గోనెపట్టాలు.

రావి మొక్క పీకొద్దు, వేరు లోపలే తెగి మళ్ళీ లేస్తుంది. అడ్డంగా కోసి, కోసిన వెంటనే మోడు మీద మందు పూయించాలి, లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళ చేత. ఎండిపోయి వదులయ్యాక తీసి, కన్నం సున్నంతో నింపండి.

పెంకుటిల్లు (ఫిబ్రవరి 9)

మేడ హాలు పెంకుల మాట ఎవరూ ఎత్తలేదు. 1996 నవంబరు తుపాను కోనసీమని ఏం చేసిందో తెలిసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఈ తీరంలో డిజైనుకి తీసుకునే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. అంటే చదరపు మీటరుకి దాదాపు 150 కిలోల తోపుడు. బెంగుళూరు పెంకులు చదరపు మీటరుకి 40 కిలోల పైచిలుకు బరువుంటాయి. సొంత బరువుతో నిలబడవు.

చూరు నుంచి మూడు వరసలు, రెండు గోడ అంచుల దగ్గర మూడు వరసలు, కొప్పుకి అటూ ఇటూ రెండు వరసలు, ప్రతి పెంకుకీ కన్నం ఉంటుంది చూడండి, రాగి తీగతో రీపరుకి (పెంకుల కింది అడ్డ బద్దకి) కట్టాలి. జి.ఐ. తీగ ఉప్పుగాలికి అయిదారేళ్ళకి మించి ఆగదు. రీపర్లు వాసాలకి మేకులతో కాకుండా స్క్రూలతో. అన్నిటికన్నా ముఖ్యం, వాసాల కింది గోడదూలాన్ని గోడలోకి నాలుగడుగుల లోతు స్టెయిన్‌లెస్ పట్టీలతో లంగరు వెయ్యడం. పెంకులు కట్టి, కప్పుని గోడకి కట్టకపోతే కప్పు మొత్తం ఒక్క ముక్కగా లేస్తుంది.

పాత పెంకులు దింపేటప్పుడు వేలితో కొట్టి చూసి వేరు చెయ్యండి. మోగేవి ఎండ తగిలే దక్షిణపు వాలుకి, కొత్తవి వెనక వాలుకి. కొత్తా పాతా ఒకే వరసలో కలిపితే కొలత తేడాకి సందులొస్తాయి.

తాటాకుప్రతి (ఫిబ్రవరి 10)

మ్యూజియంలో ఏమేం పెట్టబోతున్నారో చెప్పలేదండి. దాన్ని బట్టే మిగతాది.

కాలవగట్టు (ఫిబ్రవరి 10)

కాలవ సర్వే గొలుసులు, లాకు నమూనాలు, ఆనకట్ట పాత పటాలు (కాగితం మీదవి), తాటాకు ప్రతులు, నరసాపురం లేసు, పడవ తెరచాప సామాను, ఇత్తడి దీపాలు. ధవళేశ్వరం కాటన్ మ్యూజియం చూశాక వచ్చిన ఆలోచన ఇది.

తాటాకుప్రతి (ఫిబ్రవరి 10)

అయితే ఏసీ మాట ముందు. పగలు వేసి రాత్రి ఆపే ఏసీ, అసలు లేని ఏసీ కన్నా చెడ్డది. పగలు తేమ 50కి దిగుతుంది, రాత్రి 85కి లేస్తుంది. తాటాకు ఆ ఊగిసలాటకి మెలిదిరుగుతుంది, లేసు దారం బిగుసుకుని వదులవుతుంది. చల్లబడ్డ గోడకి బయటి తేమ గాలి తగిలి వెనకాల చెమ్మ పడుతుంది. 24 గంటలూ నడిపే స్థోమత, జనరేటరు ఉంటేనే ఏసీ.

22 అంగుళాల గోడ, ఎత్తయిన కప్పు, వరండా, ఇవే సగం పని చేస్తాయి. తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది కాబట్టి గాలి కదలాలి: పైన వెంటిలేటర్లు బాగుచేసి సన్నటి వలతో తెరిచి ఉంచండి, నెమ్మదిగా తిరిగే ఫ్యాన్లు. గదికో డేటాలాగర్ (వేడి, తేమ తనంతట తానే రాసుకునే పరికరం) ఇప్పుడే పెట్టండి, ఏడాది లెక్క చేతిలో ఉంటుంది.

కాగితం, తాటాకు, లేసు మూడూ మూసిన పెట్టెల్లో. ఘనమీటరు పెట్టెకి 20 కిలోల సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు), ముందుగా 55 శాతం తేమకి సిద్ధం చేసి. ప్లైవుడ్ పెట్టెలు వద్దు, అందులోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి లేసుని పసుపుపచ్చగా మారుస్తుంది. పౌడర్ కోటింగ్ స్టీలు, గాజు. వెలుతురు 50 లక్సు (వెలుగు కొలత) మించకూడదు, అల్ట్రావయొలెట్ ల్యూమెన్‌కి 75 మైక్రోవాట్లలోపు. లేసుని వేలాడదీయకండి, పడుకోబెట్టండి. చూపించే లేసుని మూడు నెలలకోసారి మార్చండి. సర్వే గొలుసులు, ఇత్తడికి 200 లక్సు ఉన్నా ఫర్వాలేదు.

వరద మాట. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారింది. ఆ ఏడాది మీ ఊళ్ళో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో పెద్దవాళ్ళని అడిగి గోడ మీద గీత పెట్టుకోండి. కాగితం, తాటాకు ఆ గీతకి పైన, వీలైతే మేడ మీద.

రేగడినేల (ఫిబ్రవరి 11)

మేడ మీద అంటే నా దగ్గరో అభ్యంతరం ఉంది. చెక్క నేల ఇంటి కోసం కట్టింది, చదరపు మీటరుకి 200 కిలోల లెక్క. జనం గుమిగూడే చోటికి 400 నుంచి 500 కావాలి. హాలు 50 చదరపు మీటర్లు. 25 మందిని పంపితే సగటున 35 కిలోలే, చూడ్డానికి ఏమీ లేదు. కానీ ఆ 25 మందీ ఒక పెట్టె చుట్టూ మూగితే చదరపు మీటరుకి నలుగురు, 280 కిలోలు. స్కూలు పిల్లలు గెంతితే ఇంకా ఎక్కువ.

పెట్టెల్ని గోడ పక్కన, దూలం చివరల దగ్గర సర్దండి, మధ్యలో వద్దు. దూలాలు తేల్చాక ఇంజినీరు చెప్పిన సంఖ్యని మెట్ల దగ్గర బోర్డు పెట్టి, మనిషిని కూర్చోబెట్టి పాటించాలి. ఒకే మెట్ల దారి ఉంటే 20 మంది దాటనివ్వకండి.

ర్యాంపు: మట్టి తీశాక అరుగు మూడడుగులవుతుంది. 12కి ఒకటి వాలున 36 అడుగుల ర్యాంపు, మధ్యలో అయిదడుగుల విశ్రాంతి చదును. ముందు వైపు పెట్టి స్తంభాలు దాచేయొద్దు, పక్క వరండాకి. గోడకి అంటించకుండా రెండంగుళాలు వదిలి, విడిగా నిలబడేలా ఉక్కుతో.

కరెంటుకి గోడల్లో గాడులు కొట్టనివ్వకండి. కప్పు అంచు వెంబడి బయటి పైపులు, ప్రతి గదికి విడి ఎం.సి.బి. (కరెంటు మితిమీరితే ఆపే స్విచ్చి), 30 మిల్లీ యాంపుల ఆర్.సి.సి.బి. (షాకు కొట్టకుండా కరెంటు ఆపేది). కొబ్బరి తోపు మధ్య బంగళా కదా, పిడుగు కడ్డీ మరవకండి.

కాలవగట్టు (ఫిబ్రవరి 12)

సంక్రాంతికి అవదని అర్థమైందండి. కమిటీకి చెప్పాను, వరండా, ముందు రెండు గదులు మాత్రం తెరుద్దామన్నారు, పటాల నకళ్ళతో. గోడల పూతకి సున్నం ఎంత కావాలి, ఏ సున్నం, ఎప్పుడు తెప్పించాలి? రంగు సంగతి కూడా.

డంగుసున్నం (ఫిబ్రవరి 12)

మొదట రెండు గదులకి 100 చదరపు మీటర్లు అనుకుందాం. ముప్పావంగుళం మందం, కీళ్ళు, వృథా కలిపి రెండున్నర ఘనమీటర్ల మోర్టారు. ఒకటికి మూడు పాళ్ళు. రెండున్నర ఘనమీటర్ల ఇసుక, 800 లీటర్ల సున్నపు ముద్ద. దానికి 400 కిలోల కాల్చిన రాయి చాలు. పిడుగురాళ్ళ రాతి సున్నం అయితే బట్టీలోంచి దింపిన వారంలోపు చేరాలి, గాలి తగిలితే పొడైపోతుంది, ఆ పొడి పనికిరాదు. గుల్ల సున్నం (ఆల్చిప్పలు కాల్చి చేసినది) దొరికితే ఆఖరి నునుపు పూతకి దాచండి.

ఇసుక గోదావరి ఎగువది. ఏరు ముఖద్వారం దగ్గర ఇసుక ఉప్పు, ఎంత కడిగినా వద్దు. కింది నాలుగడుగులకి సుర్కీ (ఇటుక పొడి) కలపండి: ఒక పాలు సున్నం, ఒకటి సుర్కీ, రెండు ఇసుక. సుర్కీ మెత్తగా కాలిన ఇటుకదై ఉండాలి, బాగా కాలిన ఇటుక పొడి సున్నంతో కలిసి పట్టు ఇవ్వదు. ఆ నాలుగడుగుల పూత ఉప్పుని తాను తాగి అయిదారేళ్ళకి రాలిపోతుంది, ఇటుక మిగులుతుంది. రాలిందని మేస్త్రీని తిట్టకండి, అది దాని పని.

ఎప్పుడంటే కాలవ కట్టేసే ముందు. ఏప్రిల్ దాటితే మంచినీళ్ళు ట్యాంకరుతోనే, దిగువ డెల్టాలో బోరు నీళ్ళు చాలా చోట్ల ఉప్పన. మార్చిలో గుంట తవ్వి, కాల్చిన రాయిని మార్చిలోనే అందులో నీళ్ళతో చల్లార్చండి. నీళ్ళలో రాయి వెయ్యాలి, రాయి మీద నీళ్ళు పొయ్యకూడదు, ఎగిరి మొహాన పడుతుంది. కళ్ళద్దాలు, చేతితొడుగులు, పక్కన మంచినీళ్ళ బిందె తప్పనిసరి. కంట్లో పడితే 15 నిమిషాలు నీళ్ళు పోస్తూనే ఆసుపత్రికి.

గోడ ఆరిందని చూసుకుని, పూత పని నవంబరు చివర్న, తుపాన్లు తగ్గాక. ఒక్కో పొర మూడు ఎనిమిదో వంతుల అంగుళం మించొద్దు, పొరకీ పొరకీ వారం. గోడని ముందు రోజు తడపాలి, పూశాక ఏడు రోజులు తడి గోనె. పడమటి గోడకి ఎండ తగలకుండా తెర కట్టండి. నెర్రెలు వచ్చేది సున్నం చెడ్డదై కాదు, తొందరగా ఆరి.

రంగుకి, పాత పూత మీద చాకుతో రెండంగుళాల గీత మెట్లు మెట్లుగా గీకండి, తలుపు పైన, ఎండ తగలని చోట. ఒక్కో పొర రంగు కనిపిస్తుంది, అట్టడుగుది రాసుకోండి. సున్నపు వెల్ల పాలంత పల్చగా, నాలుగైదు పూతలు, ఒక్కోటి ఆరాక మరొకటి. చిక్కగా ఒక్కటి వేస్తే పెళ్ళగా ఊడుతుంది. ఉప్పు కలిపే అలవాటు ఉంటుంది కొందరికి, అది మాత్రం వద్దు.

గుంట మీద ఎప్పుడూ నాలుగంగుళాల నీళ్ళు నిలిచి ఉండాలి, పైన తాటాకులు కప్పండి. వేసవిలో వారానికోసారి చూసుకోకపోతే పైపొర రాయి కడుతుంది.

కాలవగట్టు (ఫిబ్రవరి 13)

గుంట కొలత చెప్పండి చాలు, రేపు కూలీలు వస్తున్నారు.

డంగుసున్నం (ఫిబ్రవరి 13)

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. లోపల ఇటుక పేర్చండి, మట్టి కలవకుండా. గట్టుకి దూరంగా, పిల్లలు రాని వైపు, చుట్టూ సరుగుడు కంచె.